కండరాలు అదిరితే ఏఎల్‌ఎస్ వచ్చినట్టేనా?

బెంగళూరులో మారతహళ్ళి, బెళ్ళందూరు వైపు పీజీల్లో ఉంటూ ఉద్యోగాలు చేసుకునే మన పిల్లలు నన్ను తరచు అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, పిక్కలో కండరం ఊరికే అదురుతోంది. నెల రోజులైంది. ఇంటర్నెట్‌లో చూస్తే ఏఎల్‌ఎస్ అంటున్నారు. నాకు అదేనా?" ఏఎల్‌ఎస్ అంటే కదలికను నడిపే నరకణాలు క్రమంగా చనిపోయి కండరాలు చచ్చుబడే తీవ్రమైన జబ్బు. నా దాకా వచ్చేసరికే వాళ్ళు సగం చిక్కిపోయి ఉంటారు. నిద్ర ఉండదు, అన్నం సయించదు. ఊళ్ళో అమ్మానాన్నలకు చెబితే కంగారు పడతారని చెప్పరు. మేనేజరుకు అసలే చెప్పరు.

"ఏం కాదులే, టెన్షన్ పడకు" అంటే ఆ పూటకు ఊరట దొరుకుతుంది, రాత్రికి మళ్ళీ భయం మొదలవుతుంది. ఎందుకు ఏం కాదో, ఏ గుర్తు కనిపిస్తే ఆ మాట వర్తించదో తెలిస్తే తప్ప ఆ ఊరట నిలవదు. అందుకే కాస్త మొదటి నుంచి వస్తాను.

నీరసం వేరు, బలహీనత వేరు

మన ఇళ్ళలో 'నరాల వీక్‌నెస్' అనే ఒక్క మాటలో నాలుగైదు సంగతులు కలిపేస్తాం. చెయ్యి తిమ్మిరెక్కినా అదే, కాళ్ళు పీకినా అదే, మెట్లెక్కలేకపోయినా అదే. నరాల డాక్టరు మొట్టమొదట చేసే పని వీటిని విడదీయడం.

చర్మం కింద కండరంలో చిన్న భాగం తనంతట తాను కొట్టుకుంటే అది అదరడం. కన్ను అదిరితే కుడా ఎడమా అని శకునం చూసుకుంటాం తప్ప జబ్బని ఎవరూ అనుకోరు. అదే పిక్కలోనో భుజంలోనో వస్తే గుండె జారిపోతుంది. కండరం మొత్తం బిగుసుకుని ప్రాణం పోయేంత నొప్పి పెడితే అది పట్టేయడం. తిమ్మిరి, చీమలు పాకినట్టుండటం, మొద్దుబారడం స్పర్శకు సంబంధించినవి. ఏఎల్‌ఎస్ ప్రధానంగా కదలికను నడిపే నరాల జబ్బు కాబట్టి, ఒంట్లో అక్కడా ఇక్కడా తిమ్మిర్లు రావడం దాని మామూలు లక్షణం కాదు. తిమ్మిర్లు కూడా ఉన్నాయని ఇంకా ఎక్కువ భయపడేవాళ్ళను చూస్తుంటాను. నిజానికి ఆ వివరం వాళ్ళను ఏఎల్‌ఎస్ నుంచి దూరంగా తీసుకెళ్తుంది.

ఇక అసలు చిక్కు నీరసానికీ బలహీనతకీ మధ్య ఉంది. చెయ్యి బరువుగా ఉంది, పని చేయబుద్ధి కావడం లేదు, కానీ పట్టుబట్టి చేస్తే పని అవుతుంది. ఇది నీరసం. ఎంత ప్రయత్నించినా చొక్కా పై గుండీ పడటం లేదు, తాళం చెవి తిరగడం లేదు, నడుస్తుంటే పాదం ముందు భాగం నేలకు తగులుతోంది. ఇది బలహీనత. మన దేశంలో నరాల డాక్టర్లు అడిగే ప్రశ్న ఒకటి నాకు చాలా ఇష్టం. "నడుస్తుంటే కాలి నుంచి చెప్పు జారిపోతోందా? జారిన సంగతి మీకు తెలుస్తోందా?" తెలుస్తూనే జారిపోతుంటే చెప్పును పట్టి ఉంచే బలం తగ్గిందని అనుమానిస్తారు. ఇంటికొచ్చి చూసుకుంటే గానీ చెప్పు లేదని తెలియకపోతే స్పర్శ పోయిందని అనుమానిస్తారు. యంత్రం, రక్తపరీక్ష లేకుండా ఆ ఒక్క ప్రశ్నతో సగం దారి తేలిపోతుంది.

కండరం ఊరికే ఎందుకు అదురుతుంది

వెన్నుపాములో ఉండే ఒక్కో మోటార్ న్యూరాన్ (కదలికను నడిపే నరకణం) నుంచి పొడవాటి పోగు ఒకటి బయల్దేరి, కండరంలోకి వెళ్ళాక కొమ్మలుగా చీలి, అనేక కండరపు పోగులను నడిపిస్తుంది. పిక్క కండరంలో ఒక్క న్యూరాన్ కింద వెయ్యికి పైగా పోగులుంటాయి. అందుకే ఒక్క న్యూరాన్ అకారణంగా ఒకసారి స్పందించినా చర్మం మీద కదలిక కంటికి కనిపిస్తుంది. ఈ అకారణ స్పందన చాలాసార్లు నరం చివరి కొమ్మల దగ్గరే పుడుతుంది. అలా పుట్టిందంటే న్యూరాన్ చచ్చిపోతోందని కాదు, నరం కొస కాస్త ఉద్రేకంగా ఉందని.

ఉద్రేకానికి కారణాలు చాలా మామూలివి. నిద్ర చాలకపోవడం, రోజుకు నాలుగైదు కాఫీలు, ఒక్కసారిగా జిమ్‌లో ఎక్కువ బరువులెత్తడం, ఆందోళన. రక్తంలో మెగ్నీషియం, కాల్షియం తగ్గినా, థైరాయిడ్ ఎక్కువైనా వస్తుంది. కొన్ని ఉబ్బసం మందులతోనూ రావచ్చు. పురుగుమందు కొట్టే రైతుకు ఆర్గానోఫాస్ఫేట్ విషం ఎక్కినప్పుడు ఒళ్ళంతా కండరాలు అదరడం మన జిల్లా ఆసుపత్రులన్నిటికీ తెలిసిన గుర్తు. మామూలు అదురు కదలకుండా ఉన్నప్పుడు ఎక్కువ తెలుస్తుంది, కండరాన్ని కదిలిస్తే ఆగిపోతుంది. రాత్రి మంచమెక్కాకే భయం పెరగడానికి అదొక కారణం.

వేరే జబ్బేమీ లేకుండా నెలలూ ఏళ్ళూ ఇలా అదురుతుంటే దాన్ని బినైన్ ఫాసిక్యులేషన్ సిండ్రోమ్ అంటారు. ప్రాణానికి గానీ బలానికి గానీ హాని చేయని అదురు అన్నమాట. ఈ నిరపాయకరమైన అదురును డెన్నీ-బ్రౌన్, ఫోలీ అనే వైద్యులు 1948లోనే వివరించారు.

ఏఎల్‌ఎస్ ఎలా మొదలవుతుంది

ఫ్రెంచి వైద్యుడు షార్కో 19వ శతాబ్దంలో వర్ణించిన ఈ జబ్బు గురించి మనవాళ్ళలో చాలామంది మొదటిసారి విన్నది 2014లో, నెత్తిన ఐస్ నీళ్ళు కుమ్మరించుకునే వీడియోలప్పుడు. స్టీఫెన్ హాకింగ్‌కు 21 ఏళ్ళకే ఈ జబ్బని తేలింది కాబట్టి కుర్రవాళ్ళకు ఆయనే గుర్తొస్తారు. ఆయనది చాలా అరుదైన ఉదాహరణ, వచ్చిన వయసులోనూ, జబ్బుతో బతికిన కాలంలోనూ.

ఇందులో మెదడులోనూ వెన్నుపాములోనూ ఉండే మోటార్ న్యూరాన్లు క్రమంగా చనిపోతాయి. మూడింట రెండు వంతుల మందిలో చేతిలోనో కాలిలోనో, మిగతావాళ్ళలో ఎక్కువమందికి మాటలోనో మింగడంలోనో మొదలవుతుంది. మొదట రోగికి తెలిసేది సాధారణంగా పని చేయలేకపోవడం. అదీ ఒకచోట మొదలై, తగ్గకుండా, నెలనెలా పక్కకు పాకుతుంది. బొటనవేలి మొదట్లో ఉండే కండ కరిగి చదునైపోతుంది, చిటికెనవేలి వైపు కండ మాత్రం చాలాకాలం బాగానే ఉంటుంది. ఒకే అరచేతిలో ఈ తేడా చూసి అనుభవమున్న డాక్టరు అప్రమత్తమవుతారు. ఇందులోనూ కండరాలు అదురుతాయి. కానీ చాలామంది రోగులు తమ భుజం అదురుతోందని డాక్టరు చూపించేదాకా గమనించి కూడా ఉండరు. వాళ్ళ బాధ గ్లాసు పట్టుకోలేకపోవడం గురించి.

ఇటు భయంతో వచ్చే కుర్రవాడు అదురుడు ఎప్పుడెప్పుడు, ఎక్కడెక్కడ వచ్చిందో ఫోన్‌లో రాసిపెట్టుకుని వస్తాడు. ఆ నోట్సును ఆ వేళ్ళతోనే, తప్పుల్లేకుండా, వేగంగా టైప్ చేసి ఉంటాడు.

లక్ష మందిని తీసుకుని లెక్క వేస్తే

1963లో అచ్చయిన ఒక సర్వేలో ఆరోగ్యంగా ఉన్న వైద్య సిబ్బందిని అడిగితే, సుమారు 70 శాతం మంది తమకు ఎప్పుడో ఒకప్పుడు కండరాలు అదిరాయని చెప్పారు. ఇక ఏఎల్‌ఎస్: యూరప్, అమెరికా లెక్కల ప్రకారం ఏడాదికి లక్ష మందిలో సుమారు ఇద్దరికి కొత్తగా వస్తుంది.

లక్ష మంది పెద్దవాళ్ళను అనుకుందాం. వాళ్ళలో 70,000 మందికి ఎప్పుడో ఒకసారి అదిరి ఉంటుంది. ఎప్పుడో అదిరింది కదా, దాన్ని లెక్కలోకి తీసుకోవడం అన్యాయం అంటారా? సరే, ఇబ్బంది పెట్టేంతగా అదిరేది కేవలం 5,000 మందికే అని, భయానికి అనుకూలంగానే అనుకుందాం. ఆ ఏడాది ఏఎల్‌ఎస్ వచ్చే ఇద్దరూ ఈ 5,000 మందిలోనే ఉన్నారని కూడా ఒప్పుకుందాం. అప్పుడు కూడా 4,998 మందికి ఆ జబ్బు లేదు. అంటే 2,500 మందిలో ఒకరు. ఇది అన్ని వయసులూ కలిపిన లెక్క. ఏఎల్‌ఎస్ ఆ దేశాల్లో ఎక్కువగా 50 దాటాక వస్తుంది కాబట్టి 27 ఏళ్ళవాడికి అవకాశం ఇంకా తక్కువ. డాక్టరు పరీక్షించి బలం, రిఫ్లెక్సులు (చిన్న సుత్తితో తడితే వచ్చే కదలికలు) బాగున్నాయంటే ఇంకా తగ్గుతుంది.

ఇదే లెక్కను రెండో వైపు నుంచీ చూడాలి. లక్షకు ఇద్దరంటే, కోటి దాటిన బెంగళూరు లాంటి ఊళ్ళో ఏడాదికి 200 కుటుంబాలు. అరుదైన జబ్బంటే లేని జబ్బని కాదు.

"నాకు అదరడంతోనే మొదలైంది" అనేవాళ్ళ మాటేమిటి

నిజాయితీగా చెప్పుకోవాల్సిన విషయం ఇది. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు, అదురుడు తప్ప మరే లోపమూ లేని 121 మందిని ఏళ్ళ తరబడి గమనించి 1993లో ఫలితాలు అచ్చు వేశారు. వాళ్ళలో ఒక్కరికీ ఏఎల్‌ఎస్ రాలేదు. ఆ మరుసటి ఏడే వేరే వైద్యులు, మొదట నిరపాయకరంగా కనిపించి తర్వాత ఏఎల్‌ఎస్‌గా తేలిన ఉదాహరణ ఉందని అదే పత్రికలో రాశారు. తర్వాత కూడా అలాంటివి కొన్ని బయటికొచ్చాయి.

రెండూ నిజమే. అదురుడుతో మొదలైన ఏఎల్‌ఎస్ ఉంది, చాలా అరుదుగా. అలాంటివాళ్ళలో బలహీనత సాధారణంగా కొన్ని నెలల్లో బయటపడుతుంది. అందుకే కొందరు డాక్టర్లు వయసు పైబడినవారిలో కొత్తగా ఒళ్ళంతా అదురుడు మొదలైతే మొదటి పరీక్షతో ముగించకుండా ఆరు నెలలకోసారి రమ్మంటారు. మరికొందరు, పదేపదే పరీక్షలు చేయడమే భయానికి మేత అవుతుందంటారు. నా ఉద్దేశంలో వయసును బట్టి రెండూ సరైనవే. 60 ఏళ్ళ తండ్రికి మొదటి పద్ధతి, ఏడాదిగా అదురుతూ బలం చెక్కుచెదరని పాతికేళ్ళ కొడుక్కి రెండోది.

ఈ జబ్బును తేల్చడానికి డాక్టర్లు వాడే నియమాల్లో ఒకటైన, 2008లో వచ్చిన అవాజీ ప్రమాణాలు నిర్ధారణలో అదురుడుకు ఇదివరకటి కన్నా ఎక్కువ విలువ ఇచ్చాయని చదివి కొందరు హడలిపోతారు. ఆ ప్రమాణాల్లోనే ఒక షరతు ఉంది: అదే కండరంలో నరం దెబ్బతిన్న ఇతర గుర్తులు కూడా ఉంటేనే ఆ విలువ. అదురుడు ఒక్కటే ఉంటే లేదు.

మన దక్షిణాదిలో ఒక ప్రత్యేకత

పాశ్చాత్య దేశాల సమాచారం మనకు అచ్చంగా సరిపోదు. నిమ్హాన్స్‌లో (బెంగళూరులోని మానసిక, నరాల వ్యాధుల జాతీయ సంస్థ) 30 ఏళ్ళలో చూసిన 1,153 మంది ఏఎల్‌ఎస్ రోగుల వివరాలు 2008లో అచ్చయ్యాయి. జబ్బు మొదలైన సగటు వయసు 46 చుట్టూ ఉంది, పాశ్చాత్య దేశాలకన్నా సుమారు పదేళ్ళు ముందు. కాబట్టి "ముసలితనం జబ్బు, మనకు రాదు" అని కొట్టిపారేయలేం.

ఇంకో సంగతి దీనికన్నా ముఖ్యమైనది. 18, 20 ఏళ్ళ కుర్రవాడికి ఒక చేతిలో మాత్రమే పట్టు తగ్గి, అరచేయి సన్నబడిందనుకోండి. అనంతపురం నుంచో మదనపల్లె నుంచో తండ్రి వెంటబెట్టుకుని హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్‌కు తీసుకొస్తాడు. దారి పొడుగునా ఆ తండ్రి మనసులో ఉండేది ఏఎల్‌ఎస్ లాంటి భయమే. కానీ ఆ వయసులో ఆ రూపంలో ఎక్కువగా బయటపడేది హిరయామా వ్యాధి. ఇలా ఒక్క చేతికో కాలికో పరిమితమయ్యే కండర క్షీణతకు మోనోమెలిక్ అమయోట్రఫీ అని 1984లో పేరుపెట్టింది ఈ ఊళ్ళో నిమ్హాన్స్ వైద్యులే. ఈ జబ్బున్నవాళ్ళకు డిసెంబరు పొద్దున బండి మీద వెళ్తుంటే చలికి వేళ్ళు మరీ పనిచేయవు, ఎండెక్కితే కాస్త నయం. ఇక్కడ కండ చిటికెనవేలి వైపు ఎక్కువ కరుగుతుంది, ఏఎల్‌ఎస్‌కు దాదాపు తలకిందులు. కొన్నేళ్ళు పెరిగి, ఆ తర్వాత ఆగిపోతుంది. ప్రాణం తీయదు. మెడ వంచినప్పుడు వెన్నుపాము మీద ఒత్తిడి పడటం చాలామందిలో దీనికి కారణం కాబట్టి, మెడ వంచి ఎంఆర్ఐ తీస్తారు. మామూలుగా పడుకోబెట్టి తీసిన ఎంఆర్ఐలో ఇది తప్పిపోవచ్చు.

చెన్నైలో 1970లో వర్ణించిన మద్రాస్ మోటార్ న్యూరాన్ డిసీజ్ కూడా ఎక్కువగా దక్షిణాది యువతలో కనిపించేదే. ముఖం కండరాలు, వినికిడి దెబ్బతినడం దాని గుర్తులు. చాలా నెమ్మదిగా సాగుతుంది, అరుదైనది.

భయం కండరాన్ని ఎలా పట్టుకుంటుంది

భయపడ్డ మనిషి ఏం చేస్తాడో దగ్గరగా చూడండి. లిఫ్టులో అద్దం ముందు నాలుక చాపి అదురుతోందా అని చూస్తాడు. నాలుక బయటికి చాపితే ఎవరికైనా వణుకుతుంది. డాక్టర్లు చూసేది నోట్లో విశ్రాంతిగా ఉన్న నాలుకను. ఒంటికాలి మీద ఇరవైసార్లు లేస్తాడు, సాయంత్రానికి పిక్క నొప్పి పెడుతుంది, ఆ నొప్పి కొత్త సాక్ష్యమైపోతుంది. రెండు చేతులనూ టేపుతో కొలిచి, ఎడమది అర సెంటీమీటరు తక్కువని చెమటలు పట్టించుకుంటాడు. కుడిచేతి వాటం ఉన్నవాళ్ళలో అది మామూలే. ఆందోళన నిద్రను తింటుంది, నిద్రలేమి అదురును పెంచుతుంది, అదురు ఆందోళనను పెంచుతుంది.

చదువుకుంటే ఈ భయం రాదని కాదు. కండరాలు అదిరి తమకు ఏఎల్‌ఎస్ వచ్చిందేమోనని హడలిపోయిన వైద్యులే ఎంతోమంది ఉన్నారు. వాళ్ళ పరిస్థితి గురించి 2013లో ఒక వ్యాసం అచ్చయింది. అందులో గమనించిన ఎవరికీ ఏఎల్‌ఎస్ రాలేదు. తెలిసినకొద్దీ భయానికి సరుకు పెరుగుతుంది. ఇలా నెలల తరబడి జీవితాన్ని కమ్మేస్తే దాన్ని ఆరోగ్య ఆందోళన అంటారు, దానికి కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచించే తీరును, అలవాట్లను మార్చే మాటల చికిత్స) బాగా పనిచేస్తుంది. టెలి మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14416లో తెలుగులోనే మాట్లాడొచ్చు.

అయితే "అంతా నీ మనసులోనే" అనడం కూడా తప్పే

ఏఎల్‌ఎస్ కాదనగానే జబ్బే లేదని తేల్చేసే డాక్టర్లున్నారు, ఇంట్లోవాళ్ళూ ఉన్నారు. ఇందులో చాలా అన్యాయం జరుగుతుంది, ముఖ్యంగా ఆడవాళ్ళకు. బాధకు నయమయ్యే కారణం దొరికే అవకాశం ఏఎల్‌ఎస్ అవకాశం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. శాకాహారుల్లో, ఏళ్ళుగా మెట్‌ఫార్మిన్ వాడే షుగరు రోగుల్లో బీ12 తగ్గి తిమ్మిర్లు వస్తాయి. డి విటమిన్ బాగా తగ్గితే తొడల్లో నిజమైన బలహీనతే వస్తుంది, కింద కూర్చుంటే లేవడం కష్టమవుతుంది. రోజంతా టేబుల్ అంచుకు మోచేయి ఆన్చి పనిచేస్తే చిటికెనవేలు తిమ్మిరెక్కుతుంది. రాత్రిళ్ళు బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతోందని అర్థం. కొలెస్ట్రాల్‌కు వాడే స్టాటిన్లతో కొందరికి ఒళ్ళునొప్పులు వస్తాయి.

ఈఎంజీ పరీక్షలో తేలేది

ల్యాబుల్లో ఎన్‌సీవీ అని రాసేది నరంలో కరెంటు ఎంత వేగంగా వెళ్తుందో కొలిచే పరీక్ష. ఈఎంజీ వేరు. అందులో సన్నటి సూదిని కండరంలోకి గుచ్చుతారు, నొప్పిగానే ఉంటుంది. కండరం చేసే విద్యుత్ చప్పుడు స్పీకరులో వినిపిస్తుంది. నరం చచ్చిపోయి అనాథలైన కండరపు పోగులు రేకుల కప్పు మీద చినుకులు పడ్డట్టు టపటపలాడతాయి. అదురుడు ఉండి ఈ చప్పుడు గానీ, మిగిలిన న్యూరాన్లు ఆ పోగులను తమ కిందికి తీసుకున్న గుర్తులు గానీ లేకపోతే అది నిరపాయకరమనే నమ్మకం బాగా బలపడుతుంది. ఎందుకంటే న్యూరాన్లు చాలావరకు పోయేదాకా మిగిలినవి భారం మోస్తాయి కాబట్టి, బలహీనత బయటపడక ముందే ఈ మార్పులు సూదికి దొరికే అవకాశం ఉంది. ఎన్‌సీవీ ఒక్కటే చేయించుకుని నార్మల్ వచ్చిందనుకుంటే మాత్రం ఈ ప్రశ్నకు సగం జవాబే దొరికినట్టు.

పరీక్షలు కొత్త భయాలను కూడా తెస్తాయి. జిమ్‌కు వెళ్ళిన మర్నాడు సీపీకే (కండరం దెబ్బతింటే పెరిగే ఎంజైమ్‌ను కొలిచే రక్తపరీక్ష) చేయిస్తే వేలల్లో రావచ్చు. మెడ ఎంఆర్ఐలో డిస్క్ బల్జ్ (వెన్నుపూసల మధ్య మెత్త ఉబ్బడం) ఏ ఇబ్బందీ లేనివాళ్ళకూ కనిపిస్తుంది.

రోజులు కాదు, గంటలు లెక్కపెట్టాల్సినవి

ఏఎల్‌ఎస్ నెలల్లో సాగే జబ్బు కాబట్టి అపాయింట్‌మెంట్ వారం తర్వాత దొరికినా నష్టం లేదు. ఆలస్యం కూడనివి వేరే ఉన్నాయి. పాదాల్లో మొదలైన బలహీనత రెండు మూడు రోజుల్లో తొడలకు, చేతులకు పాకితే గిలియన్-బారే సిండ్రోమ్ (ఒంటి రక్షణ వ్యవస్థే నరాల మీద దాడి చేసే జబ్బు) కావచ్చు. ఊపిరి కండరాలు దెబ్బతినేలోపు ఐసీయూ ఉన్న ఆసుపత్రికి చేరాలి, సరైన సమయంలో చికిత్స అందితే ఎక్కువమంది మళ్ళీ నడుస్తారు. మూతి ఒక పక్కకు లాగి, ఒక చెయ్యి పడిపోతే పక్షవాతం. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు ఉండే సమయం నాలుగున్నర గంటలే. సాయంత్రానికి రెప్పలు వాలిపోయి, నమిలేకొద్దీ దవడ అలిసిపోతుంటే మయస్థీనియా అనే మరో జబ్బు, దానికి మందులున్నాయి. కానీ మింగడం, ఊపిరి కష్టమైతే అదీ అదే రోజు చూపించాల్సిందే.